పదకొండో క్లాజు

చిన్నది బట్టల బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగిపోతుంటే ఇద్దరిలో ఎవరూ ఆపలేదు. తండ్రి ఆపితే ఓడిపోయినట్టు. తల్లి ఆపితే తండ్రి పక్షం చేరినట్టు.

కింద గేటు మూసిన చప్పుడు వినపడ్డాక ఆయన మళ్ళీ పేపరు అందుకున్నాడు. ఆమె బల్ల మీద కూతురు సగం తాగి వదిలేసిన కాఫీ కప్పు తీసి, సింకులో పారబోసి, కుళాయి విప్పి చాలాసేపు అలాగే నిలబడింది.

గొడవ పెద్దదేమీ కాదు. పొద్దున్నే చిన్నది వాళ్ళ నాన్నను ఒకే ప్రశ్న అడిగింది. శాసనసభ ముందు విద్యార్థులు వేసుకున్న టెంట్లు పీకేయడానికి పోలీసులను పంపుతున్నారట, నిజమేనా అని. చట్టం తన పని తాను చేసుకుపోతుంది అన్నాడాయన. ఆ మాట ఆయన సభలో అనేదే. కన్నకూతురితో కూడా అదే గొంతుతో అనేసరికి ఆ పిల్లకు ఒళ్ళు మండింది. ఆ టెంట్లలో ఉన్నవాళ్ళంతా తన క్లాసువాళ్ళేననీ, బిల్లు కమిటీలో నాన్న పేరు చూసి తనతో మాట్లాడటానికే జంకుతున్నారనీ, ఇక తన మకాం హాస్టల్లోనేననీ చెప్పింది.

అంతటితో ఆగినా బాగుండేది. తల్లి వైపు తిరిగింది.

"నువ్వైనా ఒక్క మాట అనవేంటమ్మా? పోయేది నీ డిపార్ట్‌మెంటేగా."

ఆమె నోరు మెదపలేదు. అనడానికి మాటలు లేక కాదు. ఏ మాట అన్నా ఇద్దరిలో ఒకరికి తగులుతుంది. ఆ మౌనమే కూతురికి అన్నిటికన్నా గట్టిగా తగిలింది.

"వస్తుందిలే" అన్నాడాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే. "ఆకలేస్తే అదే వస్తుంది."

ఆమె కుళాయి కట్టేసింది. బదులు వస్తుందని ఆయన ఎదురుచూడలేదు. బిల్లు వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో మాటలు గ్యాసు అయిపోయిందనీ, కరెంటువాడు వచ్చాడనీ చెప్పుకునే దాకానే వచ్చి ఆగిపోతున్నాయి.

*

పెళ్ళప్పుడు ఆయన స్నేహితులు ఒక హాస్యం ఆడేవాళ్ళు. మావాడు కొత్త శాసనాలు చేస్తాడు, ఆవిడ పాత శాసనాలు చదువుతుంది, ఇంక ఆ ఇంట్లో ఎవరి శాసనం చెల్లుతుందో చూడాలి అని. అప్పటికి ఆయన ఇంకా కుర్ర లాయరు, సభలో అడుగు కూడా పెట్టలేదు. అయినా ఎప్పటికైనా పెడతాడని అందరికీ తెలుసు. ఆమె అప్పుడే ప్రాచీన లిపుల విభాగంలో చేరింది. రాతి మీద తడి కాగితం పరిచి, సిరా అద్ది తీసిన నకళ్ళను గోడకు ఆనించి, అరిగిపోయిన అక్షరాలను కూడబలుక్కుని చదవడం ఆమె పని. యూనివర్సిటీలో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. శాసనాలావిడ అంటే అటెండరు దగ్గర్నుంచి వైస్ ఛాన్సలర్ దాకా అందరికీ తెలుసు.

ఆ హాస్యం ఇప్పుడు ఎవరూ ఆడటం లేదు.

ఉన్నత విద్య సంస్కరణల బిల్లు సభకు వచ్చింది, పరిశీలనకు కమిటీకి వెళ్ళింది. ఆ కమిటీకి అధ్యక్షుడు ఆమె భర్త. బిల్లులో చాలా ఉన్నాయి. పాలకమండలిని ఇకమీదట ప్రభుత్వమే నామినేట్ చేస్తుంది. నిధులు విద్యార్థుల సంఖ్యను బట్టి వస్తాయి. పదకొండో క్లాజు ప్రకారం, వరసగా కొన్నేళ్ళు తగినంతమంది విద్యార్థులు చేరని విభాగాన్ని మూసేయవచ్చు, లేదా మరోదానిలో కలిపేయవచ్చు. తగినంతమంది అంటే ఎంతమందో ప్రభుత్వమే చెబుతుంది. ఎంత చెప్పినా ప్రాచీన లిపులు అందుకోలేవని చదవనక్కర్లేకుండానే తెలుస్తుంది. తత్వశాస్త్రం అందుకోలేదు. సంగీతమూ అంతే.

ఆరోజు ఆమె స్టాఫ్ రూములోకి అడుగుపెట్టేసరికి లోపల మాటలు ఆగిపోయాయి. ఎవరో గొంతు సవరించుకున్నారు. ఎవరో వాతావరణం గురించి ఎత్తుకున్నారు. ఇది కొత్త కాదు. మొదట్లో ఆమె కాసేపు కూర్చుని వాతావరణం గురించి తనూ ఒక మాట కలిపేది. ఈమధ్య తన డబ్బా తీసుకుని తన గదిలోకి వెళ్ళిపోతోంది. అక్కడ నాలుగు గోడలా ఎన్నో వందల ఏళ్ళ కిందటి నల్లటి నకళ్ళు వేలాడుతుంటాయి. వాటి మధ్య కూర్చుని తింటుంటే, వాటిని చదవడం నేర్పగలిగిన మనిషి ఈ భవనంలో తనొక్కతే మిగిలిందని కొత్తగా గుర్తొస్తుంది.

తత్వశాస్త్రం మాస్టారు ఆమెతో కలిసి భోంచేసేవాడు. చేరిన కొత్తలో మొదలైన అలవాటు. ఆయనకు నలుగురిలో తినడం మొహమాటం, ఆమెకు ఒంటరిగా తినడం బెరుకు. అలా కుదిరింది. బిల్లు వచ్చిన వారంలో ఆయన పంటి నొప్పి అన్నాడు. మర్నాడు ఏదో మీటింగ్ అన్నాడు. ఆ తర్వాత చెప్పడం మానేశాడు.

ముఖం చాటేయనిది ఒక్క పరిశోధకురాలే. ఎప్పుడూ చేతిలో భూతద్దంతో ఉంటుంది కాబట్టి ఆమెను అందరూ భూతద్దం అనే పిలుస్తారు. పెళ్ళయి, బిడ్డ పుట్టి, ఆ బిడ్డ బడికి వెళ్ళడం మొదలెట్టాక చదువు మీదికి మళ్ళీ మనసు పోయినమ్మాయి. రెండు బస్సులు మారి వస్తుంది. ఆమె పరిశోధనకు తీసుకున్న రాతి నకలు సగానికి పైగా చెక్కుకుపోయింది. అందులో ఒక్కో అక్షరం దొరికినప్పుడల్లా పక్కగది దాకా వినపడేలా "దొరికింది మేడమ్" అంటుంది. విభాగం మూతపడితే ఆమెను చరిత్రకు బదలాయిస్తారు. అక్కడ ఆ లిపి చదివే గైడ్ లేడు. ఆమె ఇంతకాలం పడ్డ పాటు బీరువాలో పడుంటుంది.

ఆ సాయంత్రం అధ్యాపక సంఘం కార్యదర్శి శాసనాలావిడ గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. కమిటీ ముందు సంఘం తరఫున ఏం చెప్పాలో నిర్ణయమైందట. పాలకమండలి విషయం మీదే పట్టుపడతారట. పదకొండో క్లాజు జోలికి వెళ్ళరట. రెండు చోట్లా పోరాడితే రెండూ పోతాయని అందరూ అనుకున్నారట.

"తత్వశాస్త్రం మాస్టారు కూడానా?" అని అడిగింది.

కార్యదర్శి నీళ్ళు నమిలాడు. మాస్టారు ఏమీ అనలేదనీ, సంఘం మాటకు కట్టుబడతానన్నాడనీ చెప్పి, గుమ్మం దగ్గర ఆగి, అసలు చెప్పడానికి వచ్చిన మాట చెప్పాడు.

"మీరు మాత్రం రావద్దు మేడమ్. ఏమీ అనుకోకండి. మీరు వస్తే మా వైపు వచ్చారో, అటు వైపు నుంచి వచ్చారో జనానికి అర్థం కాదు."

ఇంటికి వెళితే అక్కడ అదే మాట మరో నోటి నుంచి వచ్చింది. ఆయన సాక్స్ విప్పుకుంటూ, మామూలుగా చెప్పినట్టే చెప్పాడు. బయటివాళ్ళు ఎవరైనా కమిటీ ముందు మాట్లాడొచ్చనీ, కానీ ఆమె రాకపోతేనే మంచిదనీ, వస్తే ఇదంతా మొగుడూ పెళ్ళాలు కలిసి ఆడుతున్న నాటకమంటారనీ.

"నేను మీ కోసం రానక్కర్లేదు, వాళ్ళ కోసం రానక్కర్లేదు" అంది ఆమె. "మరి నా కోసం?"

"అదేం ప్రశ్న?" అన్నాడు ఆయన. నిజంగానే అర్థం కాని మొహం.

మర్నాడు ఆమె శాసనసభ కార్యాలయానికి తనే వెళ్ళి, మాట్లాడేవాళ్ళ జాబితాలో పేరు రాయించుకుంది. చివర ఒక ఖాళీ ఉంది. గుమాస్తా ఇంటి చిరునామా రాసుకుని, తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ తల దించుకున్నాడు.

*

కమిటీ హాలు ఆమె అనుకున్నంత పెద్దదేం కాదు. పొడవాటి బల్ల, దాని వెనక కుర్చీలు, ఒక్కో కుర్చీ ముందు మైకు, మూత పెట్టిన మంచినీళ్ళ గ్లాసు. ఇటువైపు సాక్షుల కోసం ఒకే ఒక కుర్చీ. వెనక విలేకరులు, చూడ్డానికి వచ్చినవాళ్ళు. కిటికీలు మూసి ఉన్నా బయట విద్యార్థుల నినాదాలు అలలు అలలుగా లోపలికి వస్తున్నాయి. వాటిలో చిన్నదాని గొంతు ఉందేమోనని ఆమె చెవి దానంతటదే వెతుక్కుంది.

భూతద్దం ఆమెతోపాటు వచ్చి వెనక వరసలో కూర్చుంది. తత్వశాస్త్రం మాస్టారు కూడా ఎక్కడో మూల ఉన్నాడు. ఆమెను చూసి లేవబోయి, ఎందుకో కూర్చున్నాడు.

తన వంతు వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది. వెళ్ళి ఒంటి కుర్చీలో కూర్చుంది. మైకు మీద ఎర్ర దీపం వెలిగింది. బల్లకు అవతల, సరిగ్గా ఎదురుగా, పొద్దున తను ఇస్త్రీ చేసిన చొక్కాలో ఆయన.

"మీ పేరు, హోదా చెప్పండి" అన్నాడు.

మీరు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆమెను మీరు అనలేదు. ఆ మాట విడిగా, చల్లగా వచ్చి తాకింది. ఆమె తన పేరు చెప్పింది. ఏం చదివిందో, ఎక్కడ పనిచేస్తోందో చెప్పింది. ఆయన మొదటిసారి వింటున్నట్టు తలాడించాడు.

పక్కనున్న ఒక సభ్యుడు, రికార్డు కోసమంటూ, అధ్యక్షులవారితో సాక్షికి బంధుత్వం ఏమైనా ఉంటే చెప్పమన్నాడు. ఎవరో నవ్వాపుకున్నారు. ఆమె భార్యనని చెప్పింది. గుమాస్తా రాసుకున్నాడు.

ఆమె మాట్లాడింది. మొదట మాటలు వెతుక్కుంది. తర్వాత క్లాసులో చెప్పినట్టే చెప్పుకుపోయింది. తన విభాగంలో ఈ ఏడు ఇద్దరే విద్యార్థులన్నది నిజమేనంది. ఆ ఇద్దరికి పెట్టే ఖర్చుతో ఎక్కడో ఒక కాలేజీకి లాబొరేటరీ వస్తుందన్నదీ నిజమేనంది. కానీ ఒక విభాగం మూసేస్తే మూతపడేది గది కాదనీ, చదవడం వచ్చిన మనుషుల వరస తెగిపోతుందనీ, అది ఒకసారి తెగితే ఎంత డబ్బు పోసినా మళ్ళీ అతకదనీ చెప్పింది. తన గురించే కాదు, తత్వశాస్త్రం గురించి, సంగీతం గురించి కూడా చెప్పింది. అవి చెబుతున్నప్పుడు వెనక మూల ఎవరో కుర్చీ కదిపారు.

ఇంతకీ ఆ రాళ్ళ మీద ఏముంటుందమ్మా అని అడిగాడొక కుర్ర సభ్యుడు. వెటకారం కాదు, తెలుసుకుందామనే.

"చాలావాటి మీద ఉండేది దానాలండీ. ఈ బడికి ఈ పొలం, ఇక్కడ చదువు చెప్పేవాళ్ళకు ఈ పంట అని. ఆఖరున మాత్రం ఎప్పుడూ ఒక వేడుకోలు ఉంటుంది. మా తర్వాత వచ్చేవాళ్ళు దీన్ని రద్దు చేయకండి అని. రద్దు చేసేవాళ్ళు వస్తారని వాళ్ళకు ముందే తెలుసు."

ఈసారి నవ్విన నవ్వులో చెడు లేదు. ఆమె భర్త పెదవి కూడా కొద్దిగా కదిలింది. ఆ క్షణంలో ఆమెకు ఊపిరి తేలికైంది. అంతటితో లేచి వచ్చేసినా బాగుండేది.

ప్రతిపక్షంలో ఒక పెద్దమనిషి ఉన్నాడు. నెరిసిన మీసం, తీయటి గొంతు. అధ్యక్షుణ్ణి ఎక్కడ పొడిస్తే నెత్తురు వస్తుందో తెలిసినవాడు. ముందుకు వంగి, మైకు సర్దుకున్నాడు.

"అమ్మా, ఇంత చక్కగా చెబుతున్నారు. ఈ ముక్క ఏదో ఇంట్లోనే అధ్యక్షులవారి చెవిన వేసి ఉంటే మాకందరికీ ఈ శ్రమ తప్పేది కదా."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు తగ్గేలోపే ఆమె నోటి నుంచి మాట జారింది.

"ఇంట్లో వినేవాళ్ళు లేరండీ."

నవ్వు ఆగిపోయింది. వెనక విలేకరుల కలాలు కదలడం వినపడింది. తను ఏమన్నదో ఆమెకు ఆ చప్పుడుతో తెలిసింది. తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన ఎదుట ఉన్న గ్లాసు మూత తీసి, తాగకుండానే మళ్ళీ పెట్టాడు.

"ధన్యవాదాలు" అన్నాడు. "తర్వాతి సాక్షి."

తర్వాతి సాక్షి ఎవరూ లేరు. ఆమే ఆఖరు.

*

బయట వరండాలో తత్వశాస్త్రం మాస్టారు ఎదురొచ్చాడు. ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మా కోసం కూడా మాట్లాడారు" అన్నాడు. "నేను మూల కూర్చున్నాను, మీరు మాట్లాడారు. రేపు భోజనానికి వస్తాను. రావచ్చా?"

రమ్మంది. సంఘం కార్యదర్శి దూరం నుంచి చేయెత్తి అభివాదం చేశాడు. ఇన్నాళ్ళూ తనను చూసి వాతావరణం గురించి మాట్లాడుకున్నవాళ్ళే చుట్టూ మూగారు. ఒక్క మాటతో కుప్పకూల్చారు అన్నారు. ఆ ఒక్క మాట ఏదో ఆమెకు తెలుసు. లిపుల గురించి, తెగిపోయే వరస గురించి ఎవరూ ఎత్తలేదు.

భూతద్దం మాత్రం, రద్దు చేయవద్దని వేడుకునే వాక్యం తన రాతి మీద కూడా ఉండి ఉండాలనీ, చెక్కుకుపోయిన చోట అదే అయి ఉంటుందనీ, రేపే చూస్తాననీ చెప్పి బస్సుకు పరుగెత్తింది.

గేటు దాటుతుండగా ఫోను మోగింది. చిన్నది.

"అమ్మా, అదరగొట్టావు. ఇక్కడ అందరూ నీ గురించే. నీ మాట అట్టల మీద రాసి పట్టుకున్నాం, ఇంట్లో వినేవాళ్ళు లేరు అని."

"చెరిపేయండి" అంది ఆమె.

అవతల నినాదాల చప్పుడు దూరమైంది.

"ఎందుకు? నిజమేగా?"

"నిజమే. కానీ అది నేను మీ నాన్నతో చెప్పుకోవాల్సిన నిజం. బజారులో పడేసుకున్నాను. నువ్వు దాన్ని ఇంకా మోయకు."

"నువ్వెప్పుడూ ఇంతేనమ్మా" అంది చిన్నది, ఇల్లు వదిలిన నాటికన్నా మెల్లగా. "ఒక అడుగు ముందుకేసి, వెంటనే వెనక్కి తీసుకుంటావు."

ఫోను పెట్టేసింది. రోడ్డు అవతల టెంట్ల మధ్య అట్టలు పైకీ కిందికీ ఊగుతున్నాయి. అక్కడికి వెళ్ళి కూతురిని వెతుక్కోవచ్చు. వెళ్ళి ఏం చెప్పాలో తోచలేదు. కాసేపు ఫుట్‌పాత్ మీద నిలబడి, వచ్చిన బస్సు ఎక్కి ఇంటికి వెళ్ళిపోయింది. రోజంతా ఇంతమంది ఆమె పేరు తలుచుకున్నారు. అయినా ఇంతటి ఒంటరితనం, ఆ నకళ్ళ మధ్య డబ్బా విప్పుకున్న రోజుల్లో కూడా ఎరగదు.

*

ఆయన ఆరోజు పెందలాడే వచ్చాడు. ఇంకా వెలుతురు ఉంది. హాల్లో కూర్చోలేదు, బట్టలు మార్చుకోలేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, ఆమె కూరగాయలు తరిగే చిన్న బల్ల దగ్గర స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఆ స్టూలు మీద ఆయన కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

అరుస్తాడనుకుంది. అరవలేదు. పార్టీ పెద్దలు పిలిపించారనీ, ఇల్లు చక్కబెట్టుకోలేనివాడికి కమిటీ ఎందుకని ఒకాయన మొహం మీదే అన్నాడనీ చెప్పాడు. వేరే ఎవరికో జరిగినట్టు చెప్పాడు.

"నేను అలా అనాల్సింది కాదు" అంది ఆమె.

"అబద్ధమైతే అనాల్సింది కాదు. నిజమని నీకనిపిస్తే అన్నావు."

ఆమె కత్తి పక్కన పెట్టింది. చాలారోజుల తర్వాత ఆయన మొహాన్ని దగ్గరగా చూసింది. కళ్ళ కింద నల్లబడి ఉంది.

ఆయన చెప్పుకొచ్చాడు. తను చదివిన కాలేజీలో కెమిస్ట్రీ గదికి ఈనాటికీ సరైన పైకప్పు లేదనీ, వాన వస్తే పరీక్షనాళికలు బల్ల కిందికి దించుతారనీ, అక్కడి పిల్లల కోసం సభలో మాట్లాడేవాడు తనొక్కడేననీ. ఇద్దరు విద్యార్థులున్న విభాగాన్ని ఉంచి ఆ గదిని తడవనివ్వమని తనకు ఎవరు చెప్పినా ఒప్పుకోలేననీ. ఆమెకు ఈ సంగతి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆ గది చూపించడానికి తనను తీసుకెళ్ళాడు. దీనికి తన దగ్గర సరైన జవాబు ఎప్పుడూ లేదు. కమిటీ ముందు కూడా లేదు.

"కానీ నేను విన్నాను" అన్నాడు ఆయన. "నువ్వు చెప్పకపోయినా విన్నాను. పదకొండో క్లాజుకు ఒక సవరణ పెట్టించాను. ప్రాచీన లిపుల విభాగానికి మినహాయింపు. నువ్వు పేరు రాయించుకోకముందే. ఇది ఒక్కటీ ముట్టుకోవద్దని మావాళ్ళను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించాను. రేపు సభలో ఓటింగుకు అది కూడా వస్తుంది."

పొయ్యి మీద ఏదో పొంగుతున్న వాసన వచ్చింది. ఇద్దరూ లేవలేదు.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటావని."

ఆమెకు ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది. ఇంతగా తెలిసిన మనిషి. ఇంతకాలం ఎడమొహం పెడమొహంగా తిరుగుతూనే తన కోసం ఎవరినో బతిమాలిన మనిషి. ఆ మనిషినే నలుగురి ముందూ నవ్వులపాలు చేసింది. లేచి వెళ్ళి పొయ్యి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"తత్వశాస్త్రం?"

"అది కలిపేస్తారు."

"సంగీతం?"

అదీ అంతే అన్నట్టు ఆయన తలాడించాడు. ఆమెకు వరండాలో తన చెయ్యి పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. రేపు భోజనానికి వస్తాడాయన. ఎదురుగా కూర్చుని డబ్బా మూత తీస్తాడు. అప్పటికి పేపర్లో పడి ఉంటుంది. అధ్యక్షుడి భార్య విభాగం తప్ప మిగతావన్నీ అని. ఆయన ఏమీ అనడు. తినేసి వెళ్ళిపోతాడు. అంతే.

"తీసేయండి" అంది.

"ఏంటి?"

"ఆ మినహాయింపు. తీసేయండి. ఉంచితే అందరికీ ఉంచండి, లేకపోతే నాకూ వద్దు."

అందరికీ ఉంచడం తన చేతుల్లో లేదన్నాడు. ఉన్నా ఉంచేవాణ్ణి కాదని కూడా అన్నాడు, దాచకుండా. ఈ ఒక్కదానికే అందరి ముందూ తల దించుకోవాల్సి వచ్చిందన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"తీసేస్తే మళ్ళీ పెట్టించలేను. అది తెలుసుకుని చెప్పు. కోపంతో చెప్పకు."

కోపమా అని ఆమె తనలో తను వెతుక్కుంది. కోపంలా లేదు. న్యాయమా అంటే, అదీ పూర్తిగా కాదు. మాస్టారి కళ్ళలోకి చూడలేకపోతానన్న భయం కూడా ఉంది. ఏది ఎంత పాలో విడదీయడం చేతకాలేదు.

"కోపం కాదు" అంది.

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. ఆమె ఎదుటే ఎవరితోనో మాట్లాడాడు. సవరణ వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. అవతలివాళ్ళు ఏదో అడిగారు. కారణం ఏం లేదన్నాడు. రాతపూర్వకంగా పొద్దున్నే ఇస్తానన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి, రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు.

"ఇప్పుడు విన్నట్టేనా?" అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. అదే ఆమెకు భరించలేనిదిగా ఉంది. దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేద్దామనుకుంది. తను వేస్తే ఆయన అలాగే కూర్చుంటాడో, లేచిపోతాడో తెలియలేదు. అలా తెలియకపోవడం ఎప్పుడు మొదలైందో కూడా తెలియలేదు.

బెల్ మోగింది.

చిన్నదేమో అనుకుని ఆమె దాదాపు పరుగున వెళ్ళింది. తలుపు తీస్తే భూతద్దం. మెట్లు గబగబా ఎక్కినట్టుంది, ఆయాసపడుతోంది. మొహం వెలిగిపోతోంది.

"టీవీలో చెప్పారు మేడమ్. మన విభాగానికి మినహాయింపు ఇస్తున్నారట. కమిటీవాళ్ళే చెప్పారట. ఫోనులో చెప్పాలనిపించలేదు, వచ్చేశాను."

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. ఇందాక వంటింట్లో ఎన్నో గుర్తొచ్చాయి. మాస్టారు గుర్తొచ్చాడు, రేపటి పేపరు గుర్తొచ్చింది. ఈ పిల్ల గుర్తు రాలేదు. తీసేయండి అన్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

భూతద్దం మెట్ల వైపు చూపించి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించింది.

"మా ఆయన కూడా వచ్చాడు మేడమ్, కింద బండి దగ్గర ఉన్నాడు. ఎందుకొచ్చిన చదువు మానెయ్ మానెయ్ అని ఇన్నాళ్ళూ పోరు పెట్టినవాడు, ఇవాళ టీవీలో మన విభాగం పేరు విని తనే బండి తీశాడు. మీ మేడమ్‌కు చెప్పి వద్దాం పద అన్నాడు."

వంటింటి గుమ్మంలోకి ఆయన వచ్చి నిలబడ్డాడు. అంతా విన్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. భూతద్దం ఆయనను చూసి బెదిరి, వెంటనే కృతజ్ఞతతో నమస్కారం పెట్టింది. ఆయన తిరిగి నమస్కరించలేకపోయాడు. భార్య వైపు చూశాడు. నేను చెప్పనా అని అడుగుతున్నట్టుంది ఆ చూపు.

ఆమె అడ్డంగా తలూపింది. తలుపు పూర్తిగా తెరిచింది.

"మీ ఆయన్ని కూడా పైకి రమ్మను" అంది. "మీ ఇద్దరికీ ఒక మాట చెప్పాలి. కూర్చుని వినాలి."